మా బావ బన్నులు, నా ఆవకోడి

గజపతినగరంలో ఇద్దరు ఆడపిల్లలు కొత్తగా వంటల వ్యాపారం పెట్టారు. పెళ్లిళ్ల జోలికి పోరు. పుట్టినరోజులు, స్నేహితులు కలిసే సాయంత్రాలు, ఆఫీసులో ఎవరికైనా బదిలీ అయితే ఇచ్చే టీ పార్టీలు, ఇలాంటివి పట్టుకుంటారు. మొన్న నా దగ్గరకొచ్చి, "తాతయ్యా, మీ చికెన్ స్లైడర్లు మాకు నేర్పండి" అన్నారు. ఆ పేరు నేను పని మానేశాకే విన్నాను. నేను చేసినన్నాళ్లూ చీపురుపల్లిలో వాటిని ఆవకోడి బన్నులనేవారు. అరచేతిలో ఇమిడే బన్ను, మధ్యలో బెల్లం తీపి, మిరప కారం, చివర్లో ముక్కుకు తగిలే ఆవ ఘాటు. అంతే వాటి సంగతి.

చేయడం నేర్పడానికి ఒక పూట చాలు, నేర్పాను కూడా. ఒక పూటలో చెప్పలేనివి కొన్ని మిగిలిపోయాయి కాబట్టి ఇది రాస్తున్నాను. మరో కారణం కూడా ఉంది. ఆ బన్నుల్లో నా పని సగమే. లోపలి కోడి నాది, బన్ను మా బావది. మా అప్ప మొగుడు అప్పలస్వామి. అక్కను మా వైపు అప్ప అంటాం. మా ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. అన్నేళ్లూ ఆయన బన్నులు చేసి పంపించాడు, నేను కోడి పెట్టి అమ్మాను, ఆయన మాత్రం ఒక్కటీ నోట పెట్టలేదు. నేను పొయ్యి ఆర్పేసేలోగా ఒక్కసారైనా తింటాడా లేదా అన్నదే నా వంట పని చివరి రోజుల్లో నన్ను పట్టి పీడించిన దిగులు. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగినవే.

నిలబడి తింటారా, కూర్చుని తింటారా

మొదట నేను విజయనగరంలో ఒక హోటల్ వంటింట్లో పనిచేశాను. అక్కడ పెద్ద వంటమనిషి సత్యంగారు. ఆయన తిట్టని రోజు పిండి రుబ్బిన శబ్దం లేని రోజులాగే ఉండేది, ఏదో వెలితిగా. ఎవరైనా బయట పార్టీకి ఆర్డరు చెబితే ఎంతమంది, ఏం కావాలి అని అడిగేవాడు కాదు. "నిలబడి తింటారా, కూకుని తింటారా, అది సెప్పండి ముందు" అనేవాడు. వచ్చినవాళ్లు బిత్తరపోయేవారు.

నాకూ మొదట్లో అర్థం కాలేదు. ఒకసారి అడిగితే గరిటె కింద పెట్టి చెప్పాడు. "నిలబడినోడికి ఒక సెయ్యే ఉంటాదిరా. రెండోది గ్లాసు పట్టుకుంటాది, లేదంటే పక్కోడి బుజం మీదుంటాది. ఆడికి కారిపోయేది పెడితే సొక్కా మీద ఏసుకుంటాడు, ఇంటికెళ్లి పెళ్లాంతో తిట్లు తింటాడు, మనల్ని తలుచుకుంటాడు."

ఈ మాటే నాకు జీవితాంతం తిండి పెట్టింది. నలుగురు సరదాగా కలిసే చోట తిండి ముఖ్యం కాదు, కబుర్లు ముఖ్యం. మన వంట ఆ కబుర్లకు అడ్డం రాకూడదు. ఒక చేత్తో పట్టుకుని, రెండు కొరుకుల్లో ముగించి, మళ్లీ మాట అందుకునేలా ఉండాలి. మూడో కొరుకు పడిందంటే బన్ను పెద్దదైపోయినట్టే. ఇప్పుడు కొందరు ఎత్తుగా పేర్చి, పుల్ల గుచ్చి, పైనుంచి సీసా సాసు ధారగా పోసి ఫొటో తీస్తున్నారు. ఫొటోకు బాగానే ఉంటుంది. తినేవాడి అవస్థ ఫొటోలో కనబడదు.

సత్యంగారికి నచ్చని పని ఒకటే చేశాను, కోడిలో బెల్లం వేయడం. "పూర్ణం బూరెలు సేస్తన్నావేటిరా" అని నలుగురిలో నవ్వాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా ఉంచుకుని ఆ ఒక్క అభిప్రాయం అక్కడే వదిలేసి చీపురుపల్లి వచ్చేశాను.

ఆవ ఎవరిది

స్టేషనుకు వెళ్లే దారిలో మా బావకు చిన్న బేకరీ ఉండేది. కట్టెల బట్టీ. రొట్టెలు, రస్కులు, బన్నులు. నేను పక్కనే రెండు గదులు తీసుకుని వంట మొదలుపెట్టాను.

బెల్లం ఆలోచన నాది, ఆవ ఆలోచన మా బావది. ఈ ముక్క ఇన్నాళ్లూ నేనెక్కడా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మా అప్ప పనసపొట్టు ఆవ పెట్టి వండితే ఆయనకు ప్రాణం. ఒకరోజు ఆ కూర తింటూ, "ఒరే పైడిరాజా, కోడికి కూడా ఆవెట్టి సూడరా" అన్నాడు. నవ్వేశాను. మర్నాడు చేసి చూశాను.

పద్ధతి ఇది. ఎముకల్లేని తొడ మాంసం అల్లం వెల్లుల్లి, ఎండుమిర్చి, కాస్త చింతపండుతో మెత్తగా ఉడికించాలి. చేత్తో పీచులుగా విడదీయాలి, కత్తి పెట్టకూడదు. బెల్లం కరిగించి, పాకం తీగ సాగకముందే అందులో వేసి, తడి ఇగిరి వేలికి అంటుకునేదాకా తిప్పాలి. దించేయాలి. పూర్తిగా చల్లారాక, నానబెట్టిన ఆవాలు ఉప్పు, పచ్చిమిర్చితో నూరి అందులో కలపాలి. పైన కచ్చాపచ్చాగా దంచిన జీడిపప్పు. బన్ను కోసిన ముఖాన్ని పెనం మీద నెయ్యితో కాల్చాలి, లేకపోతే తడి పీల్చుకుంటుంది.

ఆ రోజుల్లో ప్రతి వాయిలోనూ మొదటి బన్ను మా బావే తినేవాడు. బట్టీ ముందు నిలబడి, కళ్లు మూసుకుని నమిలేవాడు. మొదట తీపి తగులుతుంది, ముఖం మామూలుగా ఉండేది. తర్వాత కారం, కనుబొమలు లేచేవి. చివర ఆవ. అప్పుడు కండువాతో ముక్కు తుడుచుకుని, "తగిలినాదిరా" అనేవాడు. ఆ మాట వినబడితేనే నేను డబ్బాలు సర్దేవాణ్ణి. నా పనికి ఆయన ముక్కే కొలత.

ఎవరికి ఏ వారం

మధ్యలో ఒక మాట చెప్పి ముందుకెళతాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. మన వైపు ఒకరు శనివారం చేస్తారు, ఒకరు సోమవారం, ఒకరు గురువారం. ఆ రోజు నీచు ముట్టరు. ఆర్డరు ఇచ్చిన మనిషికి తన వారం గుర్తుంటుంది, తన అతిథులవి గుర్తుండవు.

ఒక బడిలో సంగీతం మేష్టారికి వీడ్కోలు సభ. ఆర్డరు ఇచ్చిన లెక్కల మేష్టారు అన్నీ కోడి బన్నులే చెప్పాడు. సంగీతం మేష్టారిది గుడిలో వంశపారంపర్యంగా కీర్తనలు పాడే ఇల్లు. ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా దొరకదు. సభ ఎవరికోసమో ఆయనే మంచినీళ్లు తాగుతూ కూర్చునే పరిస్థితి. మా అప్పకు సంగతి తెలిసి, ఇంట్లో వేరే పొయ్యి మీద, వేరే రోట్లో పనసపొట్టు ఆవ పెట్టి చేసింది. గుడ్డు తగలని బన్నులు బావ విడిగా కాల్చాడు. ఆ మేష్టారు తిని, గొంతు సవరించుకుని చిన్న ఆలాపన అందుకున్నారు. ఆ రోజు నుంచి ప్రతి ఆర్డరుకూ శాకాహారం బన్నులు విడి డబ్బాలో, మూతకు అరటినార కట్టి పంపేవాళ్లం. బన్ను మూసి ఉంటుంది, లోపలేముందో కనబడదు. నమ్మి కొరుకుతారు. ఆ నమ్మకం పోగొట్టుకుంటే మరి దొరకదు.

నరసన్నపేట మేడ

నరసన్నపేటలో ఒక రైసు మిల్లు యజమాని కొత్త మేడ కట్టుకున్నాడు. పాత స్నేహితులందరినీ మేడ మీదకు పిలిచాడు. మాకు అప్పటికి అదే పెద్ద ఆర్డరు. అది బాగుంటే హైవే వెంట ఉన్న ఊళ్లన్నీ మావే అనుకున్నాం.

ఆ రోజు పొద్దున్నుంచి వాన. కట్టెలు తడిసి బట్టీ అంటుకోలేదు. బన్నులు ఆలస్యంగా దిగాయి. వ్యాను బయట నిలబడి హారన్ కొడుతోంది. బావ వేడి వేడి బన్నులు కోసి ఇస్తున్నాడు, నేను పొగలు వస్తున్న కోడి అందులో పెడుతున్నాను, మూతలు పడిపోతున్నాయి. ఆగే టైము ఎవరికీ లేదు. నరసన్నపేట చేరేదాకా ఆ డబ్బాలు మూసే ఉన్నాయి.

మేడ మీద మిల్లు యజమాని మొదటిది అందుకుని కొరికాడు. నమలడం ఆపాడు. "ఏటిది, సేదుగున్నాది" అన్నాడు. కోపంగా కూడా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. అతిథులు మర్యాదస్తులు, ఎవరూ ఉమ్మలేదు. మెల్లగా ఒక్కొక్కరూ పళ్లెం అంచున పెట్టేశారు. వాన వెలిసిన మేడ మీద, రంగు దీపాల కింద, కొరికి వదిలేసిన మా బన్నులు వరసగా పళ్లేల అంచుల మీద ఉండడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

తిరుగు దారిలో వ్యానులోనే మొదలైంది.

"నీ ఆవ సేదెక్కినాది" అన్నాడు బావ.

"నీ బన్ను అడుగు మాడినాది" అన్నాను.

"నా బన్నుకి వంకెట్టినోడు ఈ జిల్లాలో లేడు."

"నా కోడికి మాత్రం ఉన్నాడేటి?"

చీపురుపల్లిలో దిగేముందు ఆయన అన్నమాట ఇది: "ఇకమీద నీ కోడి నా నోట్లో ఎడితే అమ్మోరి మీదొట్టు." నేను కూడా తక్కువ తినలేదు. "ఎవల్రా నిన్ను తినమన్నారు" అనేశాను. బావను పట్టుకుని "రా" అన్నాను. అక్కడితో మాటలు పోయాయి.

గోడతో మాటలు

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే అరుగు మీద బన్నుల పళ్లెం ఉంది, తెల్లటి గుడ్డ కప్పి. మాటలు మానేశాడు గానీ బన్నులు మానలేదు. నేనూ పళ్లెం లోపలికి తీసుకున్నాను. మా అప్పకు నేను ఒక్కడినే తమ్ముణ్ణి, ఆయన ఒక్కడే మొగుడు. వ్యాపారం విడదీస్తే ఆవిడ గొంతు కోసినట్టే. అది ఇద్దరికీ తెలుసు.

మన వైపు మాటల్లేని చుట్టాలు ఎలా మాట్లాడుకుంటారో అందరికీ తెలుసు. మధ్య మనిషి కావాలి. ఆ మధ్య మనిషి మా అప్ప. మేమిద్దరం ఎదురెదురుగా నిలబడేవాళ్లం, మధ్యలో ఆవిడ.

"ఒసే, రేపటికి సిన్న బన్నులా, పెద్దవా అడుగు."

"అప్పా, సిన్నవే అని సెప్పు."

"ఎన్ని గంటలకి కావాలో కనుక్కో."

"పది గంటలకని సెప్పు అప్పా."

"మీ ఇద్దరికీ సెవులున్నాయి కదా, నాను పోతన్నాను" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయేది. వెళ్లిపోయినా మాకు బుద్ధి రాలేదు. ఆవిడ ఊళ్లో లేని రోజున బావ తరాజు వంక చూస్తూ, "ఈరోజు పిండి సరిగా పొంగలేదు, ఎవలైనా సూసుకుంటే మంచిది" అనేవాడు. నేను కిటికీ వంక చూస్తూ, "ఎవలైనా సూసుకుంటారులే" అనేవాణ్ణి. బేకరీకి వచ్చినవాళ్లు మా తరాజుకూ కిటికీకీ దణ్ణం పెట్టి పోయేవారు.

ఒక విచిత్రం చెప్పాలి. మా పని బాగుపడింది ఆ మాటల్లేని కాలంలోనే. నరసన్నపేటలో తప్పు ఎవరిదో మేమెప్పుడూ తేల్చుకోలేదు, కానీ ఇద్దరం ఎవరికి వాళ్లం పట్టుకున్నాం. కొన్నాళ్లకు బన్నులు పూర్తిగా చల్లారాకే వచ్చేవి, ముందురోజు సాయంత్రమే కాల్చి. అడుగు రంగు కూడా తేలికయింది. నేను కోడిని వెడల్పు పళ్లెంలో పరిచి, చెయ్యి పెట్టి చూసుకుని, వేడి లేదని తేలాకే ఆవ కలిపేవాణ్ణి. వేడి మీద ఆవ చేదెక్కుతుందని మా ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ వానలో, ఆ హడావుడిలో, ఇద్దరు పెద్ద మగాళ్లకు గుర్తు రాలేదు. వేడి బన్నులో వేడి కోడి పెట్టి మూత వేస్తే ఇంకేమవుతుంది. తప్పు బన్నుదీ కాదు, కోడిదీ కాదు. ఈ సంగతి ఆయనకూ తెలిసిపోయిందని చల్లారిన బన్నులు చూస్తేనే అర్థమయ్యేది. నాకు తెలిసిపోయిందని ఆయనకు ఎలా తెలుస్తుంది, తినడే.

ఇంకొకటి కూడా చేశాను. ఆవ తగ్గించాను. ఎవరూ చెప్పలేదు. నరసన్నపేట పళ్లేలు గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి వెనక్కి వెళ్లేది. అలా ఏడాదికి కొంచెం తగ్గుతూ వచ్చింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మెచ్చుకున్నారు కూడా. విజయనగరం నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి.

ఆర్డరు అందించి ఇంటికొచ్చిన ప్రతిసారీ అప్ప తన వాకిట్లో నిలబడి అడిగేది. "మీ బావ అడగమన్నాడు, తిన్నోళ్లు ఏటన్నారు?"

"బాగుందన్నారని సెప్పు."

"బన్నా, కోడా అని అడుగుతన్నాడు."

లోపల మంచం మీద ఆయన దగ్గు వినబడేది. నాకు కోపం, నవ్వు, బాధ, మూడూ ఒకేసారి వచ్చేవి. తాను చేసిన వస్తువు పూర్తయ్యాక ఎలా ఉంటుందో తెలియకుండా ఒక మనిషి అన్నేళ్లు పనిచేశాడు. ఊళ్లో వాళ్లంతా తిన్నారు, ఆయన తప్ప.

అప్ప ఆర్డరు

బట్టీ వేడికి ఆయన ఒళ్లు తట్టుకోవడం మానేసింది. డాక్టరు మానేయమన్నాడు. బావ బన్ను లేకుండా నాకు పని లేదు. బజారు బన్నులు తెచ్చి చూశాను, దూదిలా నలిగిపోతాయి, ఆ కోడిని మోయలేవు. ఇద్దరం ఒకేసారి మానేద్దామని, అప్ప ద్వారానే, నిర్ణయించుకున్నాం.

ఆఖరి ఆర్డరు మా అప్పే ఇచ్చింది. "ఆదివారం మా మేడ మీద ఆడోళ్లం కూకుని కబుర్లు సెప్పుకుంటాం. మా కోలాటం జట్టు. నాకు బన్నులు కావాలి" అంది. ఇంట్లో వాళ్లతో పద్ధతిగా, బయటి మనిషిలా అడిగింది. ఎవరి వారం ఏదో కూడా తనే చెప్పింది. తర్వాత ఒక షరతు పెట్టింది. "ఆ రోజు నాను సుట్టాన్ని. ఎవలికీ ఏటీ సెప్పను, ఎవలి మాటా మోయను. తింటాను, కూకుంటాను, అంతే."

బావా నేనూ తలో దిక్కు చూశాం.

ఆదివారం సాయంత్రం ఆడవాళ్లు వచ్చారు. చాపల మీద కూర్చుని ఒకరి మోకాలు ఒకరు తడుతూ నవ్వుకుంటున్నారు. నేను పెనం మీద బన్నులు కాలుస్తున్నాను. బావ పిట్టగోడ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు, కండువా ఒళ్లో పెట్టుకుని. అప్ప ఒక బన్ను తిని, రెండోది పళ్లెంలో పెట్టుకుని లేచింది. నేరుగా వెళ్లి ఆయన చేతిలో పళ్లెం పెట్టింది.

"ఒట్టు ఉన్నాదే" అన్నాడు ఆయన మెల్లగా.

"ఆ ఒట్టు తీసి గట్టునెట్టు. ఇన్నేళ్లూ మీ ఇద్దరి మాటలూ మోసినాను. ఇంక నా వల్ల కాదు."

ఆవిడ గొంతు పెంచలేదు. అప్ప వెళ్లి చాప మీద తన చోట కూర్చుంది, మాకు వీపు పెట్టి.

బావ బన్ను వంక చాలాసేపు చూశాడు. తాను చేసిన బన్నే. తిప్పి అడుగు కూడా చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని కొరికాడు. నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది, పెనం మీద బన్ను మాడుతోంది. తీపి. ఆయన ముఖం మామూలుగానే ఉంది. కారం. కనుబొమలు లేచాయి. తర్వాత ఎదురు చూశాడు. నేనూ ఎదురు చూశాను. కండువా ఒళ్లోనే ఉంది.

"ఒసే" అని అప్ప వైపు తిరిగాడు అలవాటుగా. ఆవిడ వెనక్కి చూడలేదు. ఆయనకు ఎక్కడ చూడాలో తెలియలేదు. అక్కడ తరాజు లేదు, కిటికీ లేదు. కాసేపటికి నా ముఖంలోకి చూశాడు.

"ముక్కుకి తగల్లేదేటిరా, పైడిరాజా?"

ఊళ్లో అన్నేళ్లుగా ఎవరూ పట్టుకోలేనిది ఆయన ఒక్క కొరుకులో పట్టుకున్నాడు. "బయ్యమేసి తగ్గించేసినాను బావా" అన్నాను.

"బయ్యమేటి? సల్లారినాకే కదా కలుపుతున్నావు."

"నీకెలా తెలుసు?"

"నీ పళ్లెం నా కిటికీలోంచి కనిపిస్తాది కదరా."

అంటే అన్నేళ్లూ చూస్తూనే ఉన్నాడు. అప్ప ఇటు తిరగలేదు గానీ, పక్కనున్నావిడ మెల్లగా ఆవిడ వీపు నిమరడం కనిపించింది.

ఆ రోజుతో ఆర్డర్లు మానేశాం, అనుకున్న మాట ప్రకారమే. మర్నాడు పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. తీస్తే బావ. చేతిలో తెల్లటి గుడ్డ కప్పిన పళ్లెం. చిన్న పళ్లెం, బట్టీ వేసేంత కాదు, అప్ప వంటింట్లో కాల్చినవి. ఎవరి ఆర్డరూ లేదు. లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఆవ నూరినావేటి?" అన్నాడు.

"నూరుతన్నాను బావా. కూకో."

కోడి పూర్తిగా చల్లారేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకున్నాం. ఎన్నో ఏళ్ల కబుర్లు, తొందరేం లేదు. తర్వాత ఆవ కలిపాను, చెయ్యి వెనక్కి తీయకుండా, పాత రోజుల్లో వేసినంత. బన్ను కోసి, కాల్చి, పెట్టి ఆయన చేతికిచ్చాను. బావ కళ్లు మూసుకుని నమిలాడు. కాసేపటికి కండువా తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"తగిలినాదిరా" అన్నాడు.